వెసెల్ వాల్ ఎంఆర్ఐ చేయించాం: స్కాన్‌కి 5కి 5, రిసెప్షన్‌కి 2

హైదరాబాద్‌లో పెద్ద స్కానింగ్ సెంటరే, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు. మెదడు రక్తనాళాల గోడల్ని చూసే ఈ స్కాన్ అన్నిచోట్లా చెయ్యరు, అందుకే వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మా చెల్లికి ముప్పై దాటాయంతే, బీపీ లేదు షుగర్ లేదు, కానీ ఉన్నట్టుండి కుడిచెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం, కాసేపటికి ఏమీ జరగనట్టు మామూలైపోవడం. ఎంఆర్ యాంజియో (ఎంఆర్ఐలోనే రక్తనాళాల స్కాన్) తీస్తే తలలోకి వెళ్ళే కెరోటిడ్ నాళాలు చివర్లో రెండువైపులా సన్నబడ్డాయని వచ్చింది. న్యూరో డాక్టర్ గారు మోయామోయా (మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు మెల్లగా సన్నబడిపోయే అరుదైన జబ్బు) అని అనుమానపడ్డారు గానీ యాంజియోలో కనిపించేది రక్తం పారే దారి ఒక్కటేనంట. మోటారు పైపులో నీళ్ళు సన్నగా వస్తుంటే లోపల పాచి పట్టిందో పైపే కుంచించుకుపోయిందో పైపుని చూస్తేగానీ తెలీదు కదా, ఇదీ అంతే. కొవ్వు పేరుకుంటే స్టాటిన్లు (కొలెస్ట్రాల్ మందులు), గోడ వాచి వాస్క్యులైటిస్ అయితే స్టెరాయిడ్లు, మోయామోయా అయితే ఆ స్టెరాయిడ్లతో పని జరగదు, మెదడుకి వేరే దారిన రక్తం అందించే బైపాస్ ఆపరేషన్ సంగతి ఆలోచించాలి. ఒకదానికి ఇంకోటి వాడితే ఎంత గోలో చూడండి.

ఫోన్ చేస్తే అందరూ "3 టెస్లా మిషన్ ఉందండీ" అంటారు, అంటే అయస్కాంతం బలం ఎక్కువున్న మిషన్ అని, అది ఒక్కటీ చాలదు. బ్లాక్ బ్లడ్ సీక్వెన్సులు (పారే రక్తం నల్లగా పడి గోడ విడిగా కనిపించేలా తీసే బొమ్మలు) తీస్తారా, కాంట్రాస్ట్ (నరంలోకి ఇచ్చే, స్కాన్‌లో మెరిసే మందు) ఎక్కించకముందు ఒకసారి ఎక్కించాక ఒకసారి తీస్తారా, అరమిల్లీమీటరు దగ్గర్లో తీస్తారా, ఇవి అడగండి. ఒక సెంటర్‌లో అయితే "మామూలు బ్రెయిన్ కాంట్రాస్ట్‌లోనే అవన్నీ వచ్చేస్తాయి" అన్నాడు. రావు. ఆ గోడ మందమే మిల్లీమీటరు కూడా ఉండదు మహానుభావా!

లోపల టెక్నీషియన్ మాత్రం బంగారం. తలకి రెండుపక్కలా స్పాంజి ముక్కలు బిగించి, చెవుల్లో దూది కాకుండా సరైన ఇయర్ ప్లగ్గులు పెట్టి, "గుటక వెయ్యాలనిపిస్తే చప్పుడు ఆగినప్పుడు వెయ్యండమ్మా, మధ్యలో కదిలితే గోడలన్నీ మసకబారతాయి" అని ముందే చెప్పాడు. ముప్పావుగంట పైనే పట్టింది, ప్రతి సీక్వెన్స్ మధ్యలో మైకులో పలకరిస్తూనే ఉన్నాడు. ఇది మర్యాద కోసం అనుకోకండి, మోయామోయా వాళ్ళు భయంతో గబగబా ఊపిరి పీల్చి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. ఈ జబ్బున్న పిల్లలకి గట్టిగా ఏడ్చినప్పుడు చెయ్యి పడిపోవడం అందుకే.

ఇక బయట రిసెప్షన్. కాంట్రాస్ట్ ఉంది కాబట్టి పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగొద్దన్నారు, సరే అని పొద్దున్నే వెళ్తే స్లాట్ మధ్యాహ్నానికి జరిపారు, అడిగితే "ఎమర్జెన్సీలు వచ్చాయి సార్" అని ఒకటే పాట. ఈ జబ్బులో ఒంట్లో నీళ్ళు తగ్గడమే ప్రమాదం, స్ట్రోక్ వచ్చే అవకాశం పెరుగుతుంది. చివరికి మా డాక్టర్ గారికి ఫోన్ కలిపిస్తే ఆయన గట్టిగా చెప్పాక నీళ్ళు తాగనిచ్చారు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) రిపోర్ట్ కూడా ముందే అడగలేదు, అక్కడికి వెళ్ళాక రక్తం తీసి ఇంకో గంట కూర్చోబెట్టారు. రేటు కూడా మామూలు ఎంఆర్ఐ కంటే బాగా ఎక్కువ.

రిపోర్ట్ మాత్రం శ్రద్ధగా రాశారు. రెండువైపులా కెరోటిడ్ చివర, దాన్నుంచి చీలే మిడిల్ సెరిబ్రల్ నాళం మొదట్లో బయటి చుట్టుకొలతే తగ్గిపోయింది, గోడ ఒక పక్కకి ఉబ్బలేదు, కాంట్రాస్ట్ తర్వాత గోడలో మెరుపు (మందుని గోడ పీల్చుకోవడం) దాదాపు లేదు, మోయామోయాకే అనుకూలం అని. బయటి కొలత తగ్గడం అంత ముఖ్యమట, జపాన్ వాళ్ళు 2021లో మార్చిన నిర్ధారణ రూల్స్‌లో కూడా దాన్ని చేర్చారు. అయితే కొందరు మోయామోయా పేషెంట్లలో గోడ మెరుస్తుందంట, అందుకని ఇదొక్కటే పట్టుకుని తేల్చరు, సర్జన్ గారు ఆపరేషన్‌కి ముందు డీఎస్ఏ (నాళంలోకి సన్నటి గొట్టం పంపి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పరీక్ష) ఎలాగూ కావాలన్నారు.

ఫిల్ములు చేతిలో పెట్టి పంపేస్తారు, సీడీ అడిగి తీసుకోండి. అరమిల్లీమీటరు బొమ్మల్ని ఫిల్ము మీద చూసేదేం ఉండదు, మా సర్జన్ గారు ఫిల్ముల కవరు తెరవనే లేదు.