బరంపురంలో వేసవి చదువు: గ్రంథాలయమా, ఫోనా?

మా బరంపురం తెలుగు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. అందుకే వేసవి సెలవుల్లో వాళ్ల చేతికి తెలుగు కథల పుస్తకం ఇవ్వడం మాకు మరీ అవసరం.

ఫోనులోనే పిల్లల పుస్తకాలు చదువుకునేందుకు 2024లో వచ్చిన రాష్ట్రీయ ఇ-పుస్తకాలయ యాప్ ఉచితం. 3 నుంచి 18 ఏళ్ల వరకు నాలుగు వయసు వర్గాలుగా పుస్తకాలు పెట్టారు. ఎండలో బయటికి వెళ్లనక్కర్లేదు. ఒంటరిగా చదువుకోగల పెద్ద పిల్లలకు ఇదే మేలు.

చిన్నవాళ్లకు మాత్రం నా ఓటు గ్రంథాలయానికే. అక్కడ పక్కనున్న పిల్ల పైకి చదువుతుంటే, మా అమ్మాయి కూడబలుక్కుంటూ ‘ళ’ దగ్గర ఆగింది. ఒడియా అక్షరాన్ని గుర్తుచేసుకుని, వరుస కింద వేలు పెట్టి, వాక్యం మళ్లీ మొదలుపెట్టింది. ఫోను పట్టుకుంటే ఆ పట్టుదల నాకెప్పుడూ కనబడలేదు. ఎండ ముదరకముందే, ఉదయం పూటే తీసుకెళ్లండి. అలమరలో తెలుగు పుస్తకాలు తక్కువగా కనిపిస్తే, కావలసినవి కాగితం మీద రాసివ్వండి. మేమూ రాసిచ్చాం.