ఐదేళ్లు కాల్చిన తరువాత: తక్కువ ధరకు దొరికే ఒక చేతిచుట్టు సిగార్

నేను 2020 డిసెంబరు నుంచి ఒకే రకం సిగార్ కాలుస్తున్నాను. వారానికి ఒకటి, ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక, తిరుపతిలోని మా ఇంటి మేడ మీద, శేషాచలం కొండలకు ఎదురుగా కూర్చుని కాల్చడం అలవాటు. ఇప్పటికి లెక్క రెండు వందలు దాటింది కాబట్టి దీని మంచి చెడ్డలు చెప్పడానికి నాకు తగినంత అనుభవం ఉందని అనుకుంటున్నాను. ఇది నికరాగ్వా దేశంలోని ఎస్తెలీలో చేత్తో చుట్టినది. అందమైన పెట్టె ఏదీ లేకుండా, ఇరవై కలిపి ఒక కట్టగా వస్తుంది. చెన్నైలో నేను కొనే దుకాణంలో మొదట ఒక్కొక్కటి 380 రూపాయలకు ఇచ్చేవారు, ఇప్పుడు 520 తీసుకుంటున్నారు. పేరు మాత్రం రాయడం లేదు. పొగాకు ఉత్పత్తుల ప్రకటనలను 2003 నాటి చట్టం నిషేధించింది, మెచ్చుకుంటూ రాసే సమీక్ష ప్రకటనలా మారడానికి ఎంతో సేపు పట్టదు. పైగా నేను చెప్పబోయే లోపాలు ఈ ధరలో దొరికే కట్ట సిగార్లు చాలావాటిలో ఉన్నవే.

సైజు రోబస్టో, అంటే 5 అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్ లావు. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు కాబట్టి లావు దాదాపు 20 మిల్లీమీటర్లు, మనిషి బొటనవేలంత ఉంటుంది. మన చుట్ట తెలిసినవారికి దీని నిర్మాణం వెంటనే అర్థమవుతుంది. మా తాత నాటు పొగాకును తడిగుడ్డలో మెత్తబరిచి, ఈనె తీసి, తొడ మీద పెట్టి చుట్టేవాడు. చుట్టిందే కట్టు, చుట్టిందే పైపొర. సిగార్‌లో ఆ పని మూడుగా విడిపోతుంది. లోపల నిండే ఆకు వేరు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు వేరు, పైన నునుపుగా కనిపించే ఆకు వేరు. లోపలి ఆకులో కూడా మొక్క పై భాగం నుంచి కోసిన ఘాటైన ఆకును నడిమధ్యలో పెడతారు, ఎందుకంటే అది నిదానంగా కాలుతుంది. తేలికగా మండే కింది ఆకును దాని చుట్టూ సర్దుతారు. ఈ మూడు పనులూ చేత్తోనే జరిగి, లోపలిది తరుగు కాకుండా పొడవైన ఆకే అయితే దాన్ని ప్రీమియం అంటారు. చవకగా రావడానికి పెట్టె లేకపోవడం ఒక కారణం, పై ఆకును రంగు ప్రకారం ఏరి సర్దకపోవడం మరో కారణం. నా కట్టల్లో ఒకటి ముదురు తేనె రంగులో ఉంటే పక్కది కాఫీ గింజ రంగులో ఉంటుంది. రుచికి దానివల్ల వచ్చిన నష్టం నాకు ఎన్నడూ కనిపించలేదు.

కాల్చేటప్పుడు తలవైపు, అంటే నోట్లో పెట్టుకునే చివర, రెండు మిల్లీమీటర్లకు మించకుండా కత్తిరిస్తాను. మరికాస్త లోతుగా కోస్తే పై ఆకు అంచు ఊడి దారంలా వస్తుంది. తరువాత రెండో చివరను మంటకు తగిలించకుండా పైపైన కాచి, అంచంతా ఎర్రబడ్డాక మొదటి దమ్ము లాగుతాను. మొదటి భాగంలో మిరియం ఘాటు ఉంటుంది, దాని వెనుకే ఇసుకలో వేయించిన వేరుశనక్కాయ వాసన వస్తుంది. మా చిత్తూరు వైపు వారికి ఆ వాసనను ఇంతకన్నా వివరించనవసరం లేదు. పదిహేను నిమిషాలు గడిచేసరికి ఘాటు దిగి, చిక్కటి డికాషన్‌లో కాస్త తాటిబెల్లం వేసినట్టు ఉంటుంది. ఈ సిగార్‌ను నేను ఇన్నేళ్లు వదలకపోవడానికి కారణం ఆ మధ్యభాగమే. ఆ ఇరవై నిమిషాలు ఏ ఖరీదైన దానికీ తీసిపోవు. చివరి భాగం అంత బాగుండదు, చేదు పేరుకుంటుంది. రెండు అంగుళాలు మిగిలి ఉండగానే నేను పళ్లెంలో పెట్టేస్తాను, దానంతట అదే ఆరిపోతుంది. నిమిషానికి ఒక దమ్ము చొప్పున లాగితే మొత్తం యాభై నిమిషాలు పడుతుంది, నుసి దాదాపు అంగుళం వరకు రాలకుండా నిలుస్తుంది. ఆషాఢం గాలిలో మాత్రం నిప్పు ఒక పక్కకు వాలిపోయి, లైటర్‌తో రెండు మూడు సార్లు సరిదిద్దుకోవలసి వస్తుంది. అందుకే ఆ నెలరోజులూ మేడ మీది ట్యాంకు గోడ చాటున కూర్చుంటాను.

ఇక పెద్ద లోపం. కట్టలో ఇరవై ఉంటే రెండో మూడో పొగ రానివి తగులుతాయి. ఎంత లాగినా బుగ్గలు నొప్పి పుట్టడమే తప్ప నోట్లోకి ఏమీ రాదు. ఒకసారి అలాంటిదాన్ని పారేయకుండా పాత దినపత్రిక పరిచి, బ్లేడుతో నిలువునా చీల్చి విప్పి చూశాను. పై ఆకు సన్నగా, నూనె పట్టినట్టు సాగుతూ ఊడి వచ్చింది. కట్టు ఆకు దానికన్నా మందంగా, గరుకుగా ఉంది. లోపల నాలుగు ఆకులు విసనకర్ర మడతల్లా నిలువునా మడిచి ఉన్నాయి. ఆ మడతల సందుల్లోనుంచే పొగ నడవాలి. మధ్యలో ఒకచోట అగ్గిపుల్లంత ఈనె ముక్క అడ్డంగా ఇరుక్కుని, రెండు సందులను మూసేసింది. చుట్టినవారి వేళ్లు ఆ ఒక్కసారి ఆ ముక్కను పట్టుకోలేకపోయాయి, అంతే.

ఆ తరువాత దీనికి పరిష్కారం నాకు చూపించినది మా ఇంటి కింది భాగంలో అద్దెకున్న పెద్దాయన. ఆయనది చంద్రగిరి వైపు ఊరు, నలభై ఏళ్లు తన చుట్ట తానే చుట్టుకున్న మనిషి. ఒక ఆదివారం మేడ మీదికి వచ్చి, ఇంకా వెలిగించని సిగార్‌ను చేతికి తీసుకుని, "ఏం నాయినా, దీనికి ఐదు నూర్లా?" అన్నారు. తరువాత బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ఒక చివర నుంచి మరో చివర వరకు మెల్లగా నొక్కుకుంటూ పోయి, ఒకచోట ఆగారు. "ఈడ గట్టిగా ఉండాది చూడు. పొగ రాదు." వెలిగించి చూస్తే ఆయన అన్నట్టే అయింది. అప్పటి నుంచి కొనేటప్పుడే దుకాణదారు అనుమతి అడిగి, ఒక్కొక్కదాన్ని అలాగే నొక్కి చూసుకుంటాను. మధ్యలో గట్టిగా తగిలితే తీసుకోను, ఒకచోట ఖాళీగా మెత్తగా ఉన్నా తీసుకోను, ఎందుకంటే అక్కడ నిప్పు వేడెక్కి నోరు మండుతుంది. ఈ అలవాటు తరువాత చెడ్డవి ఇరవైకి ఒకటికి తగ్గాయి.

కొనే నేర్పు అంతవరకే పని చేస్తుంది, మిగిలినదంతా దాచే నేర్పు మీద ఉంది. ఈ విషయం నాకు పెరటాసి నెల (తమిళ పంచాంగంలో సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు వచ్చే నెల) వల్ల తెలిసింది. మా ఇంట్లో పెరటాసి నెలంతా నీచు ముట్టరు, నేను పొగ కూడా ముట్టను. 2021లో ఆ నెలకు ముందు తెచ్చిన కట్టలో కాల్చిన రెండూ తడిగా, ఘాటుగా, ముక్కుకు అమ్మోనియా వాసన తగిలేలా ఉన్నాయి. మిగిలినవాటిని డబ్బాలో మూసి పెట్టి, నెల గడిచాక తీస్తే అవి వేరే సిగార్లేమో అనిపించాయి. కారణం తరువాత తెలుసుకున్నాను. సిగార్ ఆకును గాలికి ఆరబెట్టి, కుప్పలుగా పేర్చి పులియబెడతారు. ఆ వేడికి అమ్మోనియా చాలావరకు పోయినా, కొత్తగా చుట్టినదానిలో కొంత మిగులుతుంది. దానికి తోడు మా చెన్నై దుకాణంలో తేమ ఎక్కువ. తేమ తాగిన ఆకు ఉబ్బి, పొగ నడిచే సందులు మూసుకుపోతాయి. 65 శాతం తేమలో నెల రోజులుంటే ఆకు సర్దుకుని పొగ సులువుగా వస్తుంది. పొగ రానివని నేను మొదట్లో పక్కన పడేసినవాటిలో కొన్నిటికి కావలసింది ఈ విశ్రాంతి మాత్రమేనని ఇప్పుడు బాధ కలుగుతుంది.

నా ఏర్పాటుకు పెద్ద ఖర్చు లేదు. వంటింట్లో వాడే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో లోపలి గాలిని 65 శాతం తేమలో నిలిపి ఉంచే చిన్న సంచులు రెండు, చిన్న డిజిటల్ తేమ మీటర్, ఒక పాత సిగార్ పెట్టె నుంచి తీసిన సెడార్ చెక్క పలక. మీటర్ సరైనదో కాదో చూడటానికి సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దయ్యేంత నీళ్లు చల్లి, మీటర్‌తో కలిపి ఒక సంచిలో మూసి ఒక రోజంతా వదిలేస్తే అది 75 శాతం చూపాలి. నాది 71 చూపింది, ఆ నాలుగు కలుపుకుని చదువుకుంటాను. మొదట్లో ప్లాస్టిక్ నచ్చక, ఇంట్లో ఉన్న పాత చెక్క పెట్టెలో ఐదు సిగార్లు పెట్టాను. అది ఒకప్పుడు పూజ సామగ్రి పెట్టుకున్న పెట్టె. పది రోజుల్లో ఐదింటికీ పచ్చకర్పూరం వాసన పట్టి, దేనినీ కాల్చలేకపోయాను. పొగాకు పక్కన ఏ వాసన ఉన్నా పీల్చుకుంటుంది, కాబట్టి పెట్టె ఎంత అందంగా ఉన్నా ముందు వాసన చూసుకోవాలి.

తిరుపతి వాతావరణం సిగార్‌కు రెండు వైపులా పరీక్ష పెడుతుంది. 2021 నవంబరులో వరదలు వచ్చిన వారంలో, డబ్బా మూత సరిగా పడలేదని చూసుకోక, మూడింటి మీద బూజు లేచింది. రెండింటికి పైపైన తుడిస్తే పోయింది, కాల్చే చివరలో నుంచి లోపలికి పాకినదాన్ని మాత్రం పారేశాను. మే నెల ఇంకా ప్రమాదకరం. 2022 వేసవిలో ఒక సిగార్ మీద గుండుసూది మొనతో పొడిచినట్టు రెండు రంధ్రాలు, సెల్లోఫేన్ అడుగున సన్నని పొడి కనిపించాయి. మన ఇళ్లలో పసుపు కొమ్ములకు, ఎండుమిరపకాయలకు పట్టే ఎర్రగోధుమరంగు చిన్న పురుగే ఇదీ. ఆకులో ముందే ఉన్న గుడ్లు వేడికి పొదుగుతాయి, మా ఊరి మే నెలకు మించిన వేడి వాటికి అక్కరలేదు. ఇప్పుడు ప్రతి కట్టనూ తెచ్చిన రోజే రెండు సంచుల్లో చుట్టి మూడు రోజులు ఫ్రీజర్‌లో, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి, ఆపైన డబ్బాలోకి మారుస్తాను. డబ్బాను ఏసీ ఉన్న గదిలో, కింది అరలో పెడతాను. ఆ వేసవి తరువాత పురుగు మళ్లీ కనిపించలేదు.

ఘాటు గురించి చెప్పకపోతే తప్పవుతుంది. గుంటూరు, ప్రకాశం వైపు పండే వర్జీనియా పొగాకు బ్యారన్‌లో వేడి మీద ఆరి, చక్కెర నిలుపుకుని, సిగరెట్లకు పోతుంది. దాని పొగకు ఆమ్లగుణం ఉంటుంది. సిగార్ పొగకు క్షారగుణం ఉంటుంది కాబట్టి ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర నుంచే రక్తంలోకి చేరుతుంది. సిగరెట్‌లో పొగాకు గ్రాముకు లోపే ఉంటుంది, ఈ రోబస్టో మా వంటింటి కాటా మీద 12 గ్రాములు తూగింది. ఒక శనివారం ఒక్కపొద్దు ఉన్న సాయంత్రం, తినకముందే వెలిగించాను. సగానికి వచ్చేసరికి చెమటలు పట్టి, కడుపులో తిప్పి, మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. మా ఆవిడ బెల్లం నీళ్లు ఇచ్చాక అరగంటకు తేరుకున్నాను. అన్నం తిన్నాకే కాల్చాలి. పీల్చనంత మాత్రాన నోటి క్యాన్సర్ భయం తప్పదని కూడా తెలిసే కాలుస్తున్నాను, అందుకే వారానికి ఒకటికి మించనివ్వను. పద్దెనిమిదేళ్లు నిండనివారికి అమ్మకూడదని చట్టమే చెబుతోంది. ఊరికి కొత్తగా వచ్చేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: కొండపైన పొగాకుకు చోటు లేదు, అలిపిరిలో తనిఖీ చేసి తీసేస్తారు కాబట్టి బ్యాగు సర్దుకునేటప్పుడే దాన్ని ఇంట్లో పెట్టి బయలుదేరాలి.

ఒక మిత్రుడు విదేశం నుంచి తెచ్చిన క్యూబా రోబస్టోను ఇదే డబ్బాలో రెండు నెలలుంచి, ఇదే మేడ మీద కాల్చి చూశాను. దాని చివరి భాగం మొదటి భాగమంత మెత్తగా ఉంది, చేదు లేదు. అక్కడ తేడా స్పష్టంగా తెలిసింది. మధ్యభాగంలో మాత్రం నేను కళ్లు మూసుకుంటే ఏది ఏదో చెప్పగలనని ప్రమాణం చేయలేను. నాలుగైదు వేలు పెట్టి చివరి పది నిమిషాలు కొనుక్కోవడం నాకు అవసరమనిపించలేదు. మరో రెండు వందలు పెరిగినా ఇదే కొంటాను, అంతకు మించితే ఇదే సైజు వదిలి పెటిట్ కరోనా అనే సన్నని సైజుకు మారతాను. ప్రస్తుతం డబ్బాలో పదకొండు ఉన్నాయి. జులైలో తెచ్చిన కొత్త కట్టను ఫ్రీజర్ నుంచి తీసి, తేదీ రాసిన చీటీ పెట్టి అడుగున సర్దాను, దాన్ని పెరటాసి వెళ్లాకే విప్పుతాను.