పది అంకెల ప్రధాన సంఖ్య, పది అంకెల మోసగాడు

2,14,74,83,647. 4,29,49,67,297. రెండూ పది అంకెలవే, రెండూ 7తోనే ముగుస్తాయి. మొదటిది 2 ఘాతం 31 కన్నా ఒకటి తక్కువ, రెండోది 2 ఘాతం 32కి ఒకటి ఎక్కువ.

రెండోది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 × 67,00,417గా విడగొట్టేశాడు. గుడ్డిగా వెతకక్కర్లేదు. ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే 1 మిగలాలని తర్వాత ఆయనే చూపాడు. అలాంటివి 193, 257, 449, 577, 641. ఐదోదే దొరికింది! పెన్నూ కాగితం ఉంటే మీరూ చూడొచ్చు.

మొదటిది అంత తేలిగ్గా లొంగదు. అది నిజంగానే ప్రధాన సంఖ్య కాబట్టి దాని వర్గమూలం, అంటే దాదాపు 46,340 దాకా వెతికి, ఏదీ భాగించదని తేల్చాలి. 62తో భాగిస్తే 1 మిగిలేవే చూస్తే చాలన్నది కాస్త ఊరట. 1772 నాటికి చూపు దాదాపు పోయినా ఆయిలరే ఆ పనీ ముగించాడు. దీన్ని 2 ఘాతం 30తో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది: తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే.

వాడకంలోనూ మొదటిదే ముందు. 32 బిట్ల కంప్యూటర్ లెక్కల్లో ప్లస్, మైనస్ గుర్తుతో రాసే అతి పెద్ద పూర్ణాంకం ఇదే. 2038 జనవరి 19 ఉదయం 8:44:07కి, మన టైమ్ ప్రకారం, 1970 మొదలు నుంచి సెకన్లు లెక్కబెట్టే పాత సిస్టమ్‌ల గడియారాలు ఈ సంఖ్యకు చేరి, ఆ తర్వాత గాడి తప్పే టెన్షన్ ఉంది.

పిల్లలకు చూపించాలంటే మాత్రం నా ఓటు రెండోదానికే.