పట్టేసిన బోల్టుకి మంట లేని వేడి: ఇండక్షన్ హీటర్‌తో ఏడాదిన్నర

తెగిపోయిన బోల్టుని బయటికి తీయడానికే ఇండక్షన్ హీటర్ కొందామనుకుంటుంటే కాస్త ఆగండి. ఇది బోల్టు తెగకముందు వాడాల్సిన పనిముట్టు. నేను కొన్నది తెగాక. అయినా కొన్నందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు. ఎందుకో చెప్తాను.

మాది 22 ఏళ్ల కారు. నాన్న ఇష్టపడి కొన్నది, ఆయన తర్వాత నేను నడుపుతున్నా. అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి కింద పనులన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకుని నేనే చేసుకుంటున్నా. గతుకు వచ్చినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని చప్పుడు మొదలైంది. జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, కిందికి దూరి చూస్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగు చట్రానికి కలిపే చెయ్యి లాంటి భాగం) బుష్, అంటే దాని కీలులో ఉండే రబ్బరు చుట్టిన గొట్టం, రబ్బరు నిలువునా చీలిపోయి ఉంది. రెండు పక్కలా ఆర్ములు, స్టెబిలైజర్ లింకులు (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీకి ఉండేవి), పనిలో పనిగా వెనక షాకులు, అంటే షాక్ అబ్సార్బర్లు కూడా మార్చేద్దామని సామాను తెచ్చుకున్నా. కొత్తవి బిగించడం పెద్ద పని కాదు, పాతవి ఊడితే కదా!

ఎడమ ఆర్ము ముందు బోల్టు 12 మిల్లీమీటర్లది, తల మీద 10.9 అని గుద్ది ఉంది, అది దాని బలం చెప్పే అంకె. అది వెళ్లి సబ్‌ఫ్రేమ్ (ఆర్ములు బిగించే అడుగు చట్రం) లోపల వెల్డింగ్ చేసిన నట్టులో కూర్చుంటుంది. ఆ నట్టు కంటికి కనపడదు, చేతికి అందదు. ముందురోజు రాత్రి తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచా. పొద్దున సాకెట్ పెట్టి, పొడుగు పైపు తొడిగి లాగా. మొదట కదల్లేదు. ఇంకాస్త లాగితే తిరిగింది. ఊడుతోందని సంతోషపడ్డా కానీ ఆ తిరగడంలో ఏదో మెత్తదనం ఉంది. పట్టు వదిలిన బోల్టు కిర్రుమంటూ, గరగరలాడుతూ తిరుగుతుంది. ఇది చప్పుడే లేకుండా తడి తాడుని మెలిపెట్టినట్టు తిరిగింది. మరుక్షణం టప్పుమని తల చేతిలోకి వచ్చేసింది. ఆ మెత్తదనం చేతికి తగిలినప్పుడే ఆపేసి ఉంటే బోల్టు బతికేది. ఇప్పుడైతే అలా అనిపించగానే లాగడం ఆపి, వెంటనే బిగించే వైపుకి తిప్పుతా.

ఆ సాయంత్రమే హీటర్‌కి ఆర్డరు పెట్టా. నాది 1000 వాట్లది. పట్టుకోవడానికి లావుపాటి టార్చిలైటులా ఉంటుంది. ముందువైపు రాగితీగ చుట్టలు బిగించుకోవాలి. పెట్టెలో రకరకాల సైజుల చుట్టలు, కావాల్సినట్టు వంచుకునే పొడుగు తీగ ఒకటి, బల్లపరుపుగా ఉండే చుట్ట ఒకటి వచ్చాయి. నట్టు చుట్టూ చుట్ట తొడిగి బటన్ నొక్కితే సన్నగా గుయ్యిమంటుంది. మంట ఉండదు. చుట్టలో వేగంగా దిశ మారే కరెంటు వల్ల నట్టు ఇనుములోనే కరెంటు పుట్టి, నట్టు తనంతట తానే వేడెక్కుతుంది. మొదట మీది మురికి పొగలేస్తుంది, తర్వాత నట్టు నల్లబడుతుంది, ఆ తర్వాత నీడలో చూస్తే మాత్రమే కనపడేంత ఎరుపు వస్తుంది. 12 మిల్లీమీటర్ల బోల్టు నట్టుకి ఇదంతా నేను లెక్కపెట్టినప్పుడు ఇరవై సెకన్ల లోపే అయింది.

గ్యాసు టార్చితో పోలిస్తే దీని విలువ అక్కడే ఉంది. కారు కింద వీపు మీద పడుకుని, మొహానికి జానెడు దూరంలో మంట పట్టుకోవడం నాకు ఎప్పుడూ భయమే. పక్కనే బ్రేకు గొట్టం, అవతల పెట్రోలు పైపు, బాల్ జాయింట్ రబ్బరు తొడుగు, ఏబీఎస్ వైరు ఉంటాయి. మంట నట్టు దగ్గర ఆగదు, చుట్టూ నాకుతుంది. ఇది చుట్ట లోపలున్న ఇనుముని మాత్రమే వేడి చేస్తుంది. స్టెబిలైజర్ లింకు నట్లు నాలుగూ దీంతోనే తీశా, అంగుళం అవతల ఉన్న బ్రేకు గొట్టం చేత్తో పట్టుకుంటే చల్లగానే ఉంది.

వేడి చేసేది ఎందుకో అర్థమైతే పని సగం సులువు. ఇనుము తుప్పుగా మారితే ఎక్కువ చోటు కావాలి. నట్టుకీ బోల్టుకీ మధ్య ఆ చోటు లేదు, అందుకే మరల (నట్టు, బోల్టుల మీది చుట్టు గాడుల) మధ్య తుప్పు కూరుకుపోయి పట్టేస్తుంది. 12 మిల్లీమీటర్ల ఉక్కుని 400 డిగ్రీలు పెంచితే దాని వ్యాసం పెరిగేది 0.06 మిల్లీమీటరు కూడా కాదు. వెంట్రుకంత! కానీ నట్టు ఆ వెంట్రుకంత సాగి, చల్లారుతూ మళ్లీ ముడుచుకునేసరికి తుప్పు పొర పగులుతుంది. అందుకే ఎర్రగా ఉండగానే బలంగా లాగను. వేడి చేసి, చల్లారనిచ్చి, చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చగా ఉన్నప్పుడు నూనె వేస్తా. పగుళ్లలోకి అది తనే పీల్చుకుపోతుంది. తర్వాత ఆరు మూలల సాకెట్ పెట్టి బిగించే వైపు కొంచెం, విప్పే వైపు కొంచెం. రాకపోతే నూనె తుడిచేసి మళ్లీ వేడి. నూనె కారుతున్న నట్టుకి హీటర్ పెట్టకండి, అంటుకుంటుంది.

ఇంకో మాట కూడా పట్టించుకోవాలి. 8.8, 10.9 రకం బోల్టులకి ఆ బలం గట్టిపరిచి మళ్లీ వేడిపెట్టే పద్ధతి వల్ల వస్తుంది. 425 డిగ్రీలు దాటితే ఆ బలం తగ్గడం మొదలవుతుంది. ఎరుపు కనపడిందంటే అప్పటికే దాటేసినట్టే. కాబట్టి హీటర్ పెట్టిన బోల్టు, నట్టు ఎంత బాగున్నట్టు కనపడినా పాత సామానులోకే వెళ్లాలి. సస్పెన్షన్‌లో కొత్తవే వేయాలి. దీంతో వచ్చిన కాగితంలో ఈ ముక్క ఎక్కడా లేదు. లేకపోవడం నాకు నిజంగా కోపం తెప్పించింది. అల్యూమినియం ఆర్ములున్న బండి అయితే చుట్టని ఆర్ముకి దగ్గరగా కూడా తీసుకెళ్లకండి, ఆ లోహం ఇంతకంటే చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది.

ఇక ఇది చేతులెత్తేసిన చోటు. వెనక షాకు కింది బోల్టు. నట్టు పదిహేను సెకన్ల వేడికి సుఖంగా వచ్చేసింది. బోల్టు మాత్రం రాదు. తల పట్టుకుని తిప్పితే పావు వంతు తిరుగుతుంది, చెయ్యి వదలగానే స్ప్రింగులా వెనక్కి వచ్చేస్తుంది. అలా వెనక్కి వచ్చిందంటే మరలు పట్టేయలేదని అర్థం. బోల్టు నడుము బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోయింది, మనం తిప్పుతున్నది రబ్బరుని. ఇక్కడ చుట్ట తొడగడానికి చోటు లేదు. తలకి వేడి పెట్టి చూశా. వేడి గొట్టం దాకా పోయేలోగా రబ్బరు పొగలేసి కంపు కొట్టింది, ఆపేశా. షాకులో గ్యాసు ఒత్తిడి మీద ఉంటుంది, దాని ఒంటికి వేడి తగలనివ్వకూడదు. చివరికి బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సందులో కరెంటు రంపం బ్లేడు దూర్చి రెండు పక్కలా కోసేశా. కొత్త షాకు, కొత్త బోల్టు ఎలాగూ ఉన్నాయి. ఇలాంటి చోట కోయడమే సరైన వైద్యం. ముందే ఆ పని చేసి ఉంటే ఒక పూట మిగిలేది.

మరి తెగిన ఎడమ బోల్టు సంగతి? అది నట్టులో మొదటి మర దగ్గరే తెగింది, పట్టుకోవడానికి ముక్క ఏమీ బయటికి లేదు. పైకి కాస్త పొడుచుకొచ్చి ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పేవాణ్ని. లోపలికి దూర్చి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్ జోలికి మాత్రం వెళ్లలేదు. అది చాలా గట్టి ఉక్కు, పెళుసు కూడా. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని గీరను కూడా గీరలేదు. బల్లపరుపు చుట్టని సబ్‌ఫ్రేమ్ రేకు మీద, నట్టు ఉన్నచోట ఆనించి మూడుసార్లు వేడిపెట్టి చల్లార్చా. తర్వాత సరిగ్గా నడిమధ్య పంచ్ కొట్టి, కోబాల్టు బిట్టుతో 3 మిల్లీమీటర్లు, ఆ తర్వాత 5. తక్కువ వేగం, కోత నూనె, తొందర లేకుండా. మా బావ పక్కన కూర్చుని లైటు పట్టుకుని, "పైకి వాలుతోంది బావా, కొంచెం దించు" అని చెప్తూనే ఉన్నాడు. ఆ మనిషి లేకపోతే బెజ్జం వంకర పోయేది. 8 మిల్లీమీటర్లకి ఎడమవైపు తిరిగే బిట్టు పెట్టి, డ్రిల్లు వెనక్కి తిప్పా. సగం దిగాక బిట్టు ఒక్కసారి పట్టేసుకుంది, బోల్టు ముక్క దాంతోపాటే గిరగిరా తిరుగుతూ బయటికి వచ్చింది. మరలు చెక్కుచెదరలేదు. 12కి 1.25 ట్యాపు (మరలు కోసే పనిముట్టు) ఒకసారి దింపి శుభ్రం చేశా, అంతే. ఇందులో హీటర్ వాటా ఎంతో కచ్చితంగా చెప్పలేను. అసలు పని చేసింది ఎడమ తిరుగుడు బిట్టే.

లోపాలూ ఉన్నాయి. చుట్ట మీద ఉండే గాజునార తొడుగు ఎర్రటి నట్టుకి తగిలి మాడిపోతుంది. నాలుగైదు వాడకాలకే ఒకదాని రాగి బయటపడి నట్టుకి తగిలి నిప్పురవ్వలు వచ్చాయి, దాన్ని పారేశా. చుట్ట నట్టుకంటే మరీ పెద్దదైతే వేడి ఎక్కదు, కాబట్టి సైజు కుదిరేది లేకపోతే వంచుకునే తీగే గతి. రెండు నిమిషాలు ఆపకుండా వాడితే హీటర్ ఒళ్లు వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది. చుట్ట బిగించే స్క్రూలు వదులవుతుంటాయి, ప్రతిసారీ చూసుకోవాలి.

గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని దగ్గరికి రాకూడదు. ఉంగరం, గడియారం తీసేయండి. జింకు పూత ఉన్న నట్టు తెల్లటి పొగ వదులుతుంది, అది పీల్చకండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట వేడి పెట్టారంటే ప్రాణం తీసే ఫాస్జీన్ వాయువు పుడుతుంది, దీన్ని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

కుడి ఆర్ము ముందు బోల్టుకి మొదటే హీటర్ పెట్టా. రెండు విడతల వేడి, మధ్యలో ఓపిక, బోల్టు మొత్తం నలభై నిమిషాల్లో చేతికి వచ్చింది. ఎడమది మూడు ఆదివారాలు తిన్నది. కొత్త బోల్టుల నడుముకి, అంటే గొట్టంలో ఉండే భాగానికి, యాంటీ సీజ్ (పట్టేయకుండా ఆపే పేస్టు) పూశా. మరలకి పూయలేదు, పూస్తే అదే టార్క్‌కి (తిప్పి బిగించే బలానికి) బోల్టు ఎక్కువ సాగుతుంది. బుష్ బోల్టులని చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే పూర్తిగా బిగించా. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించా. చప్పుడు పోయింది.

కొనేటప్పుడు విడి చుట్టలు దొరుకుతాయో లేదో ముందు అడగండి. నేను రెండో సెట్టు తెప్పించుకున్నా, వెనక సబ్‌ఫ్రేమ్ బోల్టులు నాలుగూ ఇంకా అలాగే ఉన్నాయి.