అమ్మానాన్నలతో ఓర్లాండో: పార్కు కన్నా బాల్కనీకే డబ్బు పెట్టండి

2024 అక్టోబరులో అమ్మానాన్నలనూ, ఆరేళ్ల పాపనూ తీసుకుని మేం అట్లాంటా నుంచి కారులో ఓర్లాండో వెళ్లొచ్చాం. మొత్తం అయిదు రాత్రులు. మొదటి రెండూ కిస్సిమీలో ఒక రిసార్టులో, తర్వాతి మూడూ డిస్నీ వాళ్ల యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలో. మొదటిదాన్ని తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. రెండోదాని గురించి నాన్న ఊళ్లో కనపడ్డవాళ్లందరికీ చెబుతున్నాడు. తెలిసినవాళ్లలో ఎవరి అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినా ఎక్కడ దిగాలని నన్నే అడుగుతున్నారు. అందుకని లెక్కలతో సహా రాస్తున్నాను.

ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. ఏడున్నర గంటలు, పులిహోర, రెండుచోట్ల ఆగడం, అంతే.

కిస్సిమీలో 192 హైవే పక్కన ఉన్న ఆ రిసార్టు పేరు రాయను. రాజుల కోట థీమ్ అన్నారు. ఫొటోల్లో బురుజులు, తోరణాలు చూసి పాప ఎగిరి గంతేసింది. రాత్రికి 89 డాలర్లు అని చూసి బుక్ చేశాం. తీరా కౌంటర్ దగ్గర నిలబడ్డాక రిసార్టు ఫీజు రోజుకు 35, పార్కింగ్ 15, గది అద్దె మీదా రిసార్టు ఫీజు మీదా పన్ను 13.5 శాతం. రెండు రాత్రులకు 178 అనుకున్నది 311 డాలర్లయింది. రిసార్టు ఫీజు దేనికండీ అంటే ఈతకొలనుకూ వైఫైకీ అన్నారు. కొలను ఆ వారమంతా మూసేసి ఉంది. (ఇలా ఫీజులు దాచి ధర చూపించకూడదని, మొత్తం ధర ముందే చెప్పాలని 2025 మే 12 నుంచి అమెరికా అంతటా నిబంధన వచ్చింది. మేం వెళ్లినప్పుడు లేదు.) బురుజులు చెక్క మీద వేసిన రంగు. గదిలో తలుపు తీయగానే తడిగుడ్డ మూట కట్టి వదిలేసిన వాసన. మంచం మీద రాజుగారి పందిరి అని కట్టిన తెరను అమ్మ వేళ్లతో పట్టుకుని చూసి, అప్పటికప్పుడు విప్పి మడిచి అల్మరాలో పెట్టేసింది. దుమ్ముకి నాన్నకు రాత్రంతా దగ్గు.

అంతవరకూ అయితే సరిపెట్టుకునేవాళ్లం. చెక్-ఇన్ అయ్యాక పక్కనే ఇంకో బల్ల దగ్గర ఉన్నావిడ పాపకు కిరీటం పెట్టి, రేప్పొద్దున ఉచితంగా బ్రేక్‌ఫాస్ట్ పెడతాం, తొంభై నిమిషాలు మా రిసార్టు గురించి వినండి చాలు, పార్కు టికెట్ల మీద 150 డాలర్లు తగ్గిస్తాం అంది. మా ఆయన సరే అన్నాడు. నేనూ వద్దనలేదు.

పొద్దున ఎనిమిదిన్నరకు కూర్చోబెడితే మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి బయటపడ్డాం. బ్రేక్‌ఫాస్ట్ అంటే చల్లారిన గుడ్లు, తియ్యటి రొట్టెలు. షుగరున్న మనిషి తినడానికి అక్కడ ఏమీ లేదు. ఒకాయన వెళ్తే ఇంకొకాయన. ఏడాదికో వారం ఈ కోటలో ఉండే హక్కు 24,000 డాలర్లు, మీకోసం 11,900, కానీ ఈ రోజే సంతకం పెట్టాలి. అమ్మ పాపను పట్టుకుని బయట ఎండలో అటూ ఇటూ తిరుగుతోంది. నాన్న మాత్రం కదలకుండా కూర్చున్నాడు. ఇంగ్లీషు పూర్తిగా అర్థం కాదు గానీ కాగితాలు తిప్పుతున్న చేతుల్నే చూస్తున్నాడు. మా ఆయన పెన్ను తీసుకునేసరికి నన్ను అడిగాడు: "ఏటేటా కట్టేది ఏమన్నా ఉందేమో అడుగమ్మా. అది పెరుగుతుందా, అట్నే ఉంటుందా?"

అడిగాను. అప్పటిదాకా గుక్క తిప్పుకోకుండా మాట్లాడినాయన మేనేజరు వైపు చూశాడు. ఏటా నిర్వహణ ఖర్చు 1,100 డాలర్లు, అదీ పెరగొచ్చు, మనం వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే.

"అల్లుడుగారూ, పంట మనది కాకుండా శిస్తు మాత్రం మనం కట్టే భూమి ఇది. లేవండి" అన్నాడు నాన్న.

లేచాం. టికెట్ల తగ్గింపు అన్నది కూడా డబ్బు కాదు, ఫారం నింపి పోస్టులో పంపితే తర్వాత వచ్చే కూపన్. అది ఇంతవరకూ రాలేదు. మీలో ఎవరైనా అలాంటిచోట సంతకం పెట్టేసి ఉంటే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఇలా ఏడాదికో వారం హక్కు కొనడాన్ని టైమ్‌షేర్ అంటారు. ఫ్లోరిడా చట్టం ప్రకారం ఆ ఒప్పందాన్ని పది రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. రద్దు చేస్తున్నామని రాతపూర్వకంగా, రుజువు ఉండేలా పంపించాలి. పదకొండో రోజుకు మాత్రం చేతిలో ఏమీ ఉండదు.

ఆ సాయంత్రం కారులో ఎవరూ మాట్లాడుకోలేదు. మర్నాడు లాడ్జికి వెళ్తుంటే కూడా నాన్న "ఇక్కడ ఏం చెప్తారో చూద్దాం" అనే అన్నాడు.

యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి 2001లో తెరిచారు. ఆఫ్రికాలో పశువుల దొడ్డి చుట్టూ అర్ధచంద్రాకారంలో ఇళ్లు కట్టుకునే పద్ధతి ఉంది కదా, భవనాన్ని ఆ ఆకారంలోనే కట్టి, మధ్యలో గడ్డిమైదానాలు వదిలి, వాటిలో జంతువుల్ని పెంచుతున్నారు. మొదట కట్టిన భాగం జాంబో హౌస్. 2009లో పక్కనే వచ్చింది కిడానీ విలేజ్. మేం ఉన్నది కిడానీలో, ఒక బెడ్‌రూమ్ ఉన్న విల్లాలో. అయిదుగురు పడుకోవచ్చు, రెండు స్నానాల గదులు, పూర్తి వంటగది, బట్టలు ఉతికే మెషీన్. జాంబోలో మామూలు గదికి నలుగురే. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు రెండు బాత్రూములు ఎంత అవసరమో నేను చెప్పనక్కర్లేదు.

ఇంత గది మనకెలా అందుతుంది అంటారేమో. డిస్నీకి కూడా టైమ్‌షేర్ సభ్యులున్నారు. గదులు తీసుకోవడానికి వాళ్లకు ఏటా కొన్ని పాయింట్లు వస్తాయి, వాడుకోలేకపోతే బయటివాళ్లకు అద్దెకిస్తారు. మూడు రాత్రులకు 126 పాయింట్లు, పాయింటుకు 20 డాలర్ల చొప్పున 2,520 డాలర్లు. ఆ తేదీలకు డిస్నీ దగ్గర నేరుగా తీసుకుంటే రాత్రికే వెయ్యి దాటింది. ఇందులో చిక్కు ఒకటే, ఒకసారి డబ్బు కట్టాక రద్దు చేసుకుంటే సాధారణంగా వెనక్కి రాదు. ప్రయాణం ఖాయమైతేనే ఈ దారి పట్టండి. పార్కింగ్‌కు పైసా తీసుకోలేదు, రిసార్టు ఫీజు అన్న మాటే లేదు. నాన్న డాలరుకు 84 రూపాయలు వేసి, రెండు లక్షల పదకొండు వేల చిల్లర అని తేల్చి, పెదవి విరిచాడు.

మర్నాడు తెల్లవారుజామున అమ్మ ఎప్పట్లాగే అందరికన్నా ముందు లేచింది. వంటగదిలో ఫిల్టరు కాఫీ కలుపుకుని బాల్కనీలోకి వెళ్లింది. ఇంకా వెలుతురు పూర్తిగా రాలేదు. కాసేపటికి వచ్చి, ఎవర్నీ లేపకూడదన్నట్టు గుసగుసగా, "అమ్మాయ్, చెట్టు కదుల్తోంది" అంది. వెళ్లి చూస్తే చెట్టు పక్కన జిరాఫీ. ముప్ఫై అడుగుల దూరం కూడా లేదు. ఆకులు లాగినప్పుడు కొమ్మ తిరిగి వచ్చి తగిలే చప్పుడు కూడా వినిపిస్తోంది. అమ్మ కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మోకాళ్ల నొప్పులతో పది నిమిషాలు నిలబడలేని మనిషి.

వెలుగొచ్చాక జీబ్రాలు వచ్చాయి. వాటి వెనక ఆంకోలే అనే ఆఫ్రికా జాతి ఎడ్లు. వాటిని చూశాక నాన్న మూడు రోజులూ వేరే మనిషైపోయాడు.

మాది ప్రకాశం జిల్లా. తాతల నాటి నుంచి ఇంట్లో ఒంగోలు గిత్తలుండేవి, నాన్న కుర్రతనంలో బండలాగుడు పోటీలకు తోలుకెళ్లినవాడు. ఆంకోలే ఎద్దు కొమ్ములు చూస్తే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. మొదలు దగ్గర మనిషి తొడంత లావు, మనిషి చేతులు బారచాపినంత వెడల్పు. నాన్న మాత్రం కొమ్ములు కాదు చూసింది. బాల్కనీ కమ్మీ మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూసి, "మూపురం చూశావా, మన గిత్తలకు భుజాల మీద ఉంటుంది. దీనికి ముందుకు జరిగి మెడ మీదకొచ్చింది. కాడి వేస్తే నిలవదు. గంగడోలు కూడా చిన్నది" అన్నాడు. తర్వాత నేను చదివి చూస్తే అది నిజమే. ఆ జాతి ఎడ్లకు మూపురం చిన్నదిగా, మెడకు దగ్గరగా ఉంటుందట. డిగ్రీలు లేని మా నాన్న మూడో అంతస్తు నుంచి అయిదు నిమిషాల్లో పట్టేశాడు. అప్పటి నుంచి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని పాఠం మొదలు. ఒంగోలు జాతిని బ్రెజిల్ వాళ్లు ఓడల్లో తీసుకెళ్లి పెంచుకున్నారని, అక్కడ వాటిని నెలోరె అంటారని, అది మన నెల్లూరు పేరేనని. పాప ఆ రెండు పేర్లూ ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే చెబుతున్నాను, అక్కడికి వెళ్తే జంతువులుండే మైదానం వైపు చూసే సవానా వ్యూ గదే తీసుకోండి. తక్కువకొచ్చే మామూలు వ్యూ గదుల్లో కొన్ని పార్కింగ్ వైపు చూస్తాయి. అవి తీసుకుంటే అంత దూరం వెళ్లిన ప్రయోజనమే లేదు, ఆ డబ్బుతో ఇంకెక్కడైనా ఉండొచ్చు. ఇంకో మాట. కిడానీ భవనం చాలా పొడుగు, వరండాలు నడిచేకొద్దీ వస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లుంటే లాబీకి దగ్గరగా గది కావాలని ముందే రాసి పెట్టండి. కారు భవనం కిందనే పెట్టుకోవచ్చు కాబట్టి మీ లిఫ్ట్ ఏదో చూసుకుని దాని దగ్గరే ఆపుకోండి. పార్కులకు బస్సులే దిక్కు, మోనోరైలు ఇక్కడికి రాదు.

తిండి సంగతి. రైస్ కుక్కరు, కందిపప్పు, గోంగూర పచ్చడి పట్టుకెళ్లాం. రోజూ ఒక పూట అన్నం, పప్పే. తాలింపు వేసేముందు పొయ్యి మీద ఫ్యాన్ వేసుకోండి, లేకపోతే పొగ అలారం మోగుతుంది. బయట తిన్నది రెండుసార్లే. కిడానీలో సనా అనే రెస్టారెంటుంది, దాని అద్దాల్లోంచి కూడా జంతువులు కనిపిస్తాయి. అక్కడ బ్రెడ్ సర్వీస్ అని నాన్, కుల్చా, పనీర్ పరాటా లాంటి రొట్టెలూ, వాటితోపాటు తొమ్మిది రకాల చట్నీలూ పచ్చళ్లూ తెస్తారు. మేం వెళ్లినప్పుడు ఒక్కోదానికి పన్ను, టిప్పు కలిపి 27 డాలర్లయింది. మేం రెండు చెప్పాం, అయిదుగురికి సరిపోయింది. అమ్మ తొమ్మిది గిన్నెల్లోనూ వేలు పెట్టి రుచి చూసింది. చింతపండు చట్నీ దగ్గర తలూపింది, వెల్లుల్లి పచ్చడి బాగుందని గిన్నె తన వైపు లాక్కుంది. ఇంట్లో తప్ప ఎక్కడా కడుపునిండా తినని మనిషి ఆ రోజు రెండో కుల్చా అడిగింది. ఇంకో రోజు జీబ్రా డోమ్ అనే చాక్లెట్ మిఠాయి పిల్ల కోసం కొనబోతే కౌంటర్ దగ్గరమ్మాయి తనే చెప్పింది, ఇందులో అమరూలా అనే మద్యం కలుస్తుందని. మనవాళ్లు చాలామంది తెలియక పిల్లలకు పెడుతుంటారు. అడిగి తీసుకోండి.

పార్కుకు ఒక్కరోజే వెళ్లాం, యానిమల్ కింగ్‌డమ్. అయిదుగురికి పన్నుతో 735 డాలర్లు, అమ్మకు చక్రాల కుర్చీ 12. సఫారీ బండి బాగుంది. మిగతాదంతా ఎండ, క్యూలు. రెండింటికల్లా అమ్మ "గదికి పోదాం పద" అంది. ఆ మాట అందరి మనసులోనూ ఉంది.

సాయంత్రం జాంబో హౌస్ లాబీకి నడిచాం. అక్కడ నైజీరియా ఇగ్బోల ఇజెలే అనే వేషం నిలబెట్టి ఉంది, పదహారడుగుల ఎత్తు. గుడ్డలు, పూసలు, బొమ్మలు అంచెలంచెలుగా కట్టి ఉంటాయి. దాన్ని ఒకే ఒక్క మనిషి మోస్తూ ఆడతాడట. అమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఇది మన కోటప్పకొండ ప్రభలాగే ఉందే" అంది. కిస్సిమీలో చెక్క బురుజు పక్కన ఫొటోకు నిలబడనన్న మనిషి దీని పక్కన తనంతట తనే నిలబడి, కొంగు సర్దుకుని, తీయమంది.

చివరి రోజు పదకొండింటికల్లా ఖాళీ చేయాలి. ఏడున్నరకే నాన్న ఊళ్లో బాబాయికి వీడియో కాల్ చేశాడు. అక్కడ సాయంత్రం అయిదు. ఫోను బాల్కనీలోంచి ఆంకోలే ఎద్దు వైపు తిప్పి పట్టుకున్నాడు. అటువైపు ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నారు, మాటలు కలగాపులగంగా వినిపిస్తున్నాయి. వాటిలోంచి బాబాయి గొంతు పెద్దగా వచ్చింది: "కొమ్ములు సరే అన్నయ్యా, మూపురమేదీ?"

"అదే నేనూ చెప్తున్నా" అని నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పెట్టెలు కారులోకి మోసి, పది నలభైకి నేనొచ్చి పిలిచేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు.