షడ్జం దగ్గర ఆగిన సీడీ: ఆర్వో పార్ట్ ‘తబులా రాసా’

బరంపురంలో వయొలిన్ పాఠాలు చెప్పుకునేవాడు ఒక్క సీడీకి 1800 రూపాయలు పెడితే ఇంట్లో మాటలు పడాల్సిందే. పడ్డాను. పైగా పెట్టె మూత పగిలి వచ్చింది. అమ్మినవాళ్ళు ఫొటో పంపమన్నారు, పంపాను, అంతే సంగతులు. డిస్క్ మీద గీత లేదు కనక ఊరుకున్నాను.

ఈ సీడీలో సంగీతమంతా రాసిన పార్ట్‌ది ఎస్టోనియా. అక్కడ పన్నెండు స్వరాల పద్ధతిలో మొదట రాసింది ఈయనే, 1960లో. పన్నెండు స్వరస్థానాలూ సమానమే, ఏదీ షడ్జం (అన్నిటికీ ఆధారమైన ‘స’) కాదు అనే పద్ధతి అది. నాకైతే శ్రుతిపెట్టె కట్టేసి పాడమన్నట్టుంటుంది. 1968 తర్వాత మూడో సింఫనీ తప్ప పెద్దగా ఏమీ రాయకుండా, పాత చర్చి గానం నేర్చుకుంటూ కూర్చున్నాడు. 1976లో బయటికొచ్చేసరికి పద్ధతే మారిపోయింది: ఒక గొంతు మెట్టు మెట్టుగా నడుస్తుంది, రెండోది స, గ, ప తప్ప ముట్టదు. 1984లో ఈసీఎం అనే రికార్డుల కంపెనీ వేసిన సీడీ ఇది.

ప్రాణమంతా రెండో ట్రాక్‌లో ఉంది. బ్రిటన్ అనే స్వరకర్త పోయినప్పుడు రాసిన ఐదు నిమిషాల ముక్క. మన లెక్కన నఠభైరవి రాగం అవరోహణ, అంటే పైనుంచి కిందికి దిగడం, అంతే. పై వయొలిన్లు ఒక కాలంలో దిగుతుంటే కిందివాళ్ళు అందులో సగం వేగంలో, వాళ్ళ కిందివాళ్ళు ఇంకా సగంలో, అలా ఐదు కాలాలు ఒకేసారి. మా పిల్లలు మూడు కాలాల వర్ణానికే చెమటలు కక్కుతారు! చివర తీగలన్నీ ఠక్కున ఆగితే గంట మోత మిగులుతుంది. కొట్టిన చప్పుడు వినపడదు, మోత ఒక్కటే. అందులో నాకు అంతర గాంధారం (పై ‘గ’) వినిపించింది. అప్పటిదాకా వాయించింది సాధారణ గాంధారం (కింది ‘గ’). తంబురాలో ఎవరూ మీటకుండా పలుకుతుందే, అలాగ.

‘ఫ్రాత్రెస్’ అనే ముక్కని రెండుసార్లు వేయడం నాకు నచ్చలేదు. క్రెమర్ వయొలిన్, జారెట్ పియానో చాలు, 12 చెల్లోలతో మళ్ళీ ఎందుకు? సీడీకి పేరిచ్చిన ఆఖరి ముక్క ‘తబులా రాసా’లో తీగల మధ్య మరలు బిగించిన పియానో మోగగానే మా ఆవిడ వంటింట్లోంచి “ఏం పడిందండీ?” అంది.

ఆ ముక్క రెండో భాగం మాత్రం ఫ్యాన్ ఆపి వినండి. మే నెల బరంపురంలో అది చిన్న మాట కాదని తెలుసు. డబుల్ బాస్ (వయొలిన్ జాతిలో అన్నిటికన్నా పెద్దది) ఒక్కటే మెట్లు దిగుతూ రిషభం (‘రి’) దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత ఏమీ లేదు. పక్కన కూర్చున్న కుర్రాడు కాసేపు చూసి, “స మర్చిపోయారు మాస్టారూ” అని తన వయొలిన్ తీసి తనే వాయించేశాడు.