ఆ ‘అక్షరాల లెక్క’ ప్రోగ్రాం కొనకండి, అది ‘అ’ని హల్లు అంటోంది

టీచర్ల గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ‘అక్షరాల లెక్క’ ప్రోగ్రాం ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. ఏ పేరా ఇచ్చినా అచ్చులెన్ని, హల్లులెన్ని, అంకెలెన్ని, ఖాళీలెన్ని అని విడివిడిగా చెబుతుందట, తెలుగుకి పూర్తి సపోర్ట్ ఉందట. దయచేసి కొనకండి. 2,500 రూపాయలు యూపీఐలో కట్టించుకుని, అడిగినందుకు నానా మాటలూ అని నా నంబరు బ్లాక్ చేశాడు అది అమ్మే మనిషి.

మూడో తరగతి పిల్లలకిచ్చే పేరాలను ఒత్తులు లేనివి ముందు, ఉన్నవి తర్వాత వచ్చేలా వరస పెట్టాలి. చేత్తో లెక్కపెడితే తెల్లారిపోతుంది. అందుకే తీసుకున్నాను.

ఫైలు రాగానే ‘అమ్మ’ అని టైప్ చేశాను. వచ్చిన జవాబు ఇది: అచ్చులు 0, హల్లులు 3, స్పెషల్ క్యారెక్టర్లు 1. ‘స్త్రీ’ అని కొడితే హల్లులు 3, స్పెషల్ క్యారెక్టర్లు 3. ‘రాష్ట్రం’ మొత్తం 8 అక్షరాలట! మన లెక్కలో రా, ష్ట్రం, రెండే.

వెంటనే ఫోన్ చేసి, “అండీ, ‘అ’ హల్లు ఎలా అయింది?” అని మర్యాదగానే అడిగాను.

“ప్రోగ్రామింగ్‌లో అంతే మేడం. వవెల్స్ అంటే ఏ, ఈ, ఐ, ఓ, యూ. మిగతావన్నీ కాన్సొనెంట్లే.”

“మరి ఒత్తులు, గుణింతాలు?”

“అవి స్పెషల్ క్యారెక్టర్లు. కోడ్ కరెక్టే, మీ తెలుగే కాంప్లికేటెడ్. టెక్నికల్ విషయాలు మీకెందుకు, పిల్లలకి పద్యాలు చెప్పుకోండి” అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కలవలేదు.

‘మీ తెలుగు’ అట. ఆయన మాట్లాడిందీ తెలుగే. మోసపోయిన డబ్బు కంటే ఆ మాటే ఎక్కువ మండిస్తోంది. పిల్లవాడు ‘అ’ దిద్దడంతో చదువు మొదలుపెడతాడు. దాన్ని హల్లుల్లో వేసి, గుడినీ కొమ్మునీ పొల్లునీ తీసుకెళ్ళి కామాలు, ప్రశ్నార్థకాల పక్కన పడేసి, దానికి తెలుగు సపోర్ట్ అని పేరు పెట్టాడు.

మా మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడికి ఆ ఫైలు చూపించాను. పైథాన్‌ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగైదు లైన్లు. ఇంగ్లిష్ అచ్చులు ఐదింట్లో ఏదైనా అయితే అచ్చు, కాకపోతే ‘ఈజ్‌ఆల్ఫా’ (ఇది అక్షరమేనా అని చూసే ఆదేశం) అవునంటే హల్లు, అంకె, ఖాళీ కాని మిగతావన్నీ స్పెషల్. కాలేజీలో మొదటి ల్యాబులో ఇంగ్లిష్ మాటలకి చేయించే ప్రోగ్రామే అది. తెలుగు గుణింతపు గుర్తులకి, పొల్లుకి, సున్నాకి ‘ఈజ్‌ఆల్ఫా’ కాదనే చెబుతుంది. అందుకే అవన్నీ స్పెషల్‌లో పడ్డాయి.

పోనీ తెలుగులో ఇది అసాధ్యమా అంటే, కాదు. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకీ వాడే నంబర్ల పట్టికలో, మన ప్రతి గుర్తుకీ సొంత నంబరుంది. అ నుంచి ఔ వరకు 3077 నుంచి 3092 మధ్య, క నుంచి హ వరకు 3093 నుంచి 3129 మధ్య ఉంటాయి. పొల్లు 3149. హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే అక్కడ ఒత్తున్నట్టే. రెండు హల్లులూ ఒకటే అయితే ద్విత్వం, వేరైతే సంయుక్తం, పొల్లు మీద పొల్లుగా మూడు హల్లులు కలిస్తే సంశ్లేషం. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్యలో కంటికి కనబడని 8204 నంబరు గుర్తొకటి ఉంటుంది, దాన్ని అక్షరంగా లెక్కపెట్టకూడదు. మా మేనల్లుడు నా ఎదురుగానే రాసి చూపించాడు, ‘రాష్ట్రం’ రెండక్షరాలనీ అందులో ఒకటి సంశ్లేషమనీ వచ్చింది.

కొంత చిక్కు ఉన్న మాట నిజమే. రెడీమేడ్ లైబ్రరీలు (ముందే రాసిపెట్టిన కోడ్) పాతవైతే ‘స్త్రీ’ని స్, త్, రీ అని మూడు ముక్కలు చేస్తాయి. ఒత్తులతో సహా ఒకే ముక్కగా చూడాలన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. ఆ చిక్కు తెలిసినవాడు “ఇంతవరకే చేయగలను” అని చెబితే ఎవరూ తప్పుపట్టరు. తెలుగు మాట ఒక్కటి కూడా పెట్టి చూడకుండా తెలుగు టీచర్లకి అమ్మడమే ఘోరం.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడుతున్నాను. ఇప్పటికే కొన్నవాళ్ళుంటే మీరూ పెట్టండి, పేమెంట్ స్క్రీన్‌షాట్, ఆ ప్రకటన ఫొటో దాచుకోండి.

ఇలాంటివి ఎవరి దగ్గర కొన్నా వాళ్ళ డెమో వీడియో చూసి డబ్బు కట్టొద్దు. అమ్మ, స్త్రీ, రాష్ట్రం, ఈ మూడు మాటలు పంపి ఫలితం అడగండి.